ప్లీజుగారి మర్యాద

ఆ బట్టల షాపు ఫ్లోర్ మేనేజరుకి అమ్మా నాన్నా పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది కానీ దానితో ఎవరికీ పని పడేది కాదు. షాపులో అందరూ ఆయన్ని ప్లీజుగారు అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం లేదు కాబట్టి వెనకాల అనేవాళ్ళు. అందులో గారు మర్యాద కోసం తగిలించింది కాదు. ఆయన ఇతరుల పేర్ల వెనకనుంచి పీకేసిన గార్లన్నీ ఊరికే పోవడమెందుకని ఆయనకే అంటించారు.

ఆ పీకేయడం ఎప్పుడు మొదలైందో షాపులో పాతవాళ్ళందరికీ గుర్తే. పెద్ద యజమాని ఆయన్ని ఓసారి ఏదో హోటల్ హాల్లో జరిగే శిక్షణకి పంపించాడు. కస్టమర్లతో ఇంగ్లీషులో మర్యాదగా మాట్లాడడం ఎలాగో అక్కడ టై కట్టుకున్న ఒకాయన నేర్పాడట. వెళ్ళేముందు ఈయన మామూలు మనిషి. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్ కుర్చీ అడ్డంగా ఉంటే "బాబాయ్, కాస్త జరగండి" అనేవాడు. తిరిగొచ్చిన రోజు అదే కుర్చీ దగ్గర నిలబడి, "ప్లీజ్, జరుగు" అన్నాడు.

వాచ్‌మన్ బిత్తరపోయి జరిగాడు. జరిగాక కూడా చాలాసేపు ఆ మాట మింగుడు పడలేదు. మర్యాద చేశాడో, మర్యాద తీశాడో తేల్చుకోలేకపోయాడు. అప్పటినుంచీ అంతే. ప్లీజ్ అన్న ఒక్క ముక్క ముందు పెట్టేస్తే వెనకాల రండి, కూర్చోండి, చెప్పండి అన్న మర్యాదలన్నీ మిగుల్చుకోవచ్చని ఆ మనిషి ఎలా కనిపెట్టాడో కానీ, కనిపెట్టాక ఇక వదల్లేదు. "ప్లీజ్ రా ఇటు." "ప్లీజ్ ఆ పెట్టె దించు." "ప్లీజ్ నోరు మూసుకో." బిల్లింగ్ కౌంటర్లో ఆయన కన్నా వయసులో పెద్దావిడ ఉండేది. ఆవిణ్ణి కూడా "ప్లీజ్, నువ్వు లే" అనేశాడు. ఆవిడ ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యలేదు.

రోజూ పొద్దున షట్టరు సగం ఎత్తి, అద్దాలు తుడవడం అవుతుండగా, పిల్లల బట్టల విభాగం ముందు ఆయన క్లాసు జరిగేది. అమ్మకాల పిల్లలందరూ వరసగా నిలబడాలి. ఆయన ముదురు నీలం కోటు వేసుకుని, కుడిచేతిని ట్రాఫిక్ పోలీసులా ఎత్తి మొదలుపెట్టేవాడు.

"మనిషికి తగలకముందు ఎక్స్‌క్యూజ్ మీ. తగిలాక సారీ. తగలకముందే సారీ చెప్పావంటే తగలబోతున్నానని చెప్పినట్టు. అర్థమైందా? వినపడకపోతే వాట్ అని అరవకూడదు. పార్డన్ అనాలి, చివర గొంతు లేవాలి. ఎవరైనా థాంక్యూ అంటే నో మెన్షన్ అనకూడదు. అది ఇంగ్లీషే కాదు. యు ఆర్ వెల్‌కమ్ అనాలి. ఎలా అనాలి? కళ్ళలోకి చూడాలి. కొంచెం నవ్వాలి. పళ్ళు కనిపించకూడదు. వెల్‌కమ్‌ని సగంలో మింగేయకుండా చివరిదాకా పలకాలి. మనసులో లేకపోయినా ఫర్వాలేదు, మొహంలో ఉండాలి."

చిన్న తప్పుకి సారీ అట. పెద్ద తప్పుకి అపాలజైజ్ అట. లిఫ్టు పాడైనప్పుడు తలుపుకి అంటించే కాగితం మీద రిగ్రెట్ అట, ఎందుకంటే అక్కడ తప్పు ఫలానావాళ్ళదని ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. ఈ మూడింటికీ తేడా ఆయన అరటిపండు ఒలిచిపెట్టినట్టు చెప్పేవాడు. చెప్పేవన్నీ ఒప్పే, అదే వచ్చిన చిక్కు. తప్పులు చెప్పేవాడైతే నలుగురూ నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. ఇంత సరిగ్గా మాట్లాడే మనిషిని చూస్తే ఇంత ఒళ్ళుమంట ఎందుకు పుడుతుందో పాపం ఆ పిల్లలకి అర్థమయ్యేది కాదు.

షాపు వెనక భాగంలో, ట్రయల్ రూములు దాటాక, ఆల్టరేషన్ గది ఉండేది. కొన్న ప్యాంటు పొడవైతే కాళ్ళు మడిచి కుట్టడం, కోటు చేతులు పొట్టి చేయడం, గౌను నడుము దగ్గర వదులు చేయడం అక్కడి పని. ముగ్గురు కుట్టేవాళ్ళు, మూడు మిషన్లు. కిటికీ పక్క మిషను అక్కది. అక్క అంటే ప్లీజుగారికి సొంత అక్క, ఒక్క కడుపున పుట్టిన మనిషి.

తమాషా ఏమిటంటే షాపులో అందరూ ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళు. వాచ్‌మన్ కూడా, తనకన్నా చిన్నదైనా, అక్కా అనేవాడు. సొంత తమ్ముడు మాత్రం షాపులో అడుగుపెట్టగానే మేడమ్ అనేవాడు. "షాపులో చుట్టరికాలు ఉండకూడదక్కా, ప్రొఫెషనల్‌గా ఉండదు" అని ఇంట్లో ముందే చెప్పుకున్నాడు. తనని కూడా సార్ అనమన్నాడు. ఆమె సార్ అనలేదు, అలాగని ఒరేయ్ అని అతని పరువూ తీయలేదు. షాపులో అతన్ని ఏమీ పిలవకుండానే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది.

ఆ షాపులోకి ఆమే ముందు వచ్చింది. మొగుడితో పొసగక ఒక సంచీతో పుట్టింటికి వచ్చేసి, ఎవరిమీదా పడి తినకూడదని మిషను ముందు కూర్చుంది. తమ్ముడు డిగ్రీ తప్పి వీధి అరుగుల మీద కాలక్షేపం చేస్తుంటే పెద్ద యజమానితో చెప్పి బట్టలు మడతపెట్టే పనిలో పెట్టించింది. మడతలనుంచి అమ్మకాలకి, అమ్మకాలనుంచి మేనేజరు కోటుకి అతను ఎగబాకాడు. ఆ కోటు చంకలో లైనింగ్ మాటిమాటికీ చిరిగేది, పొద్దున క్లాసులో ఆ చెయ్యి ఎత్తుతాడు కదా. అతను అడక్కముందే ఆమె దాన్ని ఇంట్లో తన సొంత మిషను మీద కుట్టి కొక్కేనికి తగిలించేది.

మాట కరుకు మనిషి. ఎవరైనా ప్యాంటు బిగుతైందని గొడవకి వస్తే, "గుడ్డేం చేసిందండీ, నడుము మీదే పెరిగింది" అనేసేది. అని, సగం రోజు పని పక్కన పెట్టి అది సరిచేసిచ్చేది. తిట్టించుకున్నవాళ్ళు మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. అయినా ఆమెని దేవత అనుకోనక్కర్లేదు. మొండిది, ఒకసారి కాదంటే ఇక కాదంతే. తమ్ముడి ఇంట్లో చివరి గది ఆమెది. కిటికీ పక్క ఆ కుర్చీ ఉన్నంతకాలం ఆ గదిలో ఆమె తలెత్తుకుని ఉంది. ఆ కుర్చీ ఒక్కటే ఆమె ఎవరి దయా లేకుండా కూర్చున్న చోటు.

ఇంట్లో అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక తగువు ఎప్పటికీ తెగేది కాదు. కోటు కుట్టి ఇస్తే అతను శిక్షణ అలవాటు కొద్దీ "థాంక్యూ అక్కా" అనేవాడు. ఆమెకి ఒళ్ళు మండేది.

"నాకెందుకురా థాంక్యూలు? పరాయిదాన్నా?"

"అలా అనకూడదక్కా. యు ఆర్ వెల్‌కమ్ అనాలి."

"వెల్‌కమ్ ఏంట్రా నీ మొహం. ఇంటికొచ్చిన చుట్టానివా నువ్వు? పో, అన్నం తిను."

మన ఇళ్ళల్లో సొంతవాళ్ళకి థాంక్యూ చెబితే దూరం పెట్టినట్టే. ఆ సంగతి ప్లీజుగారికి తెలియనిదేం కాదు, మరిచిపోయాడంతే. మరిచిపోవడం హోదా అనుకున్నాడు. భార్య మంచినీళ్ళిచ్చినా థాంక్యూ, కూతురు చెప్పులు తెచ్చిచ్చినా థాంక్యూ. మంచినీళ్ళిచ్చినవాళ్ళ మొహం మాత్రం చూసేవాడు కాదు.

ఇలా ఉండగా పెద్ద యజమాని మోకాళ్ళు పట్టేసి ఇంటిపట్టునే ఉండిపోయాడు. కొడుకు వచ్చి సీట్లో కూర్చున్నాడు. చిన్న సారు మెత్తటి మనిషి, అందర్నీ మీరు అంటాడు, ఎవరినీ ఎరగడు. వచ్చీరాగానే గోడలు కొట్టించడం మొదలుపెట్టాడు. ఆల్టరేషన్ గదిని వెనకనుంచి ముందుకు తెచ్చి, అద్దాల గదిలో పెడతాడట. కుట్టేవాళ్ళు కస్టమర్లతో నేరుగా మాట్లాడాలి, నాలుగు మర్యాద ముక్కలు ఇంగ్లీషులో రావాలి, రానివాళ్ళని ఉంచుకోలేం అన్నాడు. పరీక్ష పెట్టే బాధ్యత ఎవరికి అప్పగించాడో వేరే చెప్పాలా?

ప్లీజుగారు ఆ సాయంత్రం ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. విషయం విని భార్య గరిట కింద పెట్టింది.

"వదిన మాటేమిటండీ?"

"అక్కకి కూడా పరీక్షే. అందరికీ ఒకటే రూలు."

"పెట్టేది మీరే కదా. అయిందనిపించండి."

"తప్పు. అక్క అని వదిలేశానంటే రేపు నా మాటకి విలువేముంటుంది?" అని మొహం గంభీరంగా పెట్టాడు. ఆ గాంభీర్యం వెనక అసలు సంగతి వేరే ఉంది. ఆల్టరేషన్ అక్క తన అక్కేనని ఆయన చిన్న సారుకి చెప్పలేదు. మేనేజరు అక్క మిషను తొక్కుతుందని తెలిస్తే కోటు విలువ తగ్గిపోతుందని లోలోపల పీకుతోంది.

అక్క గదిలోంచి అంతా విన్నది. బయటికొచ్చి, భోజనాల బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేర్పు" అంది.

అందుకు మాత్రం మెచ్చుకోవాలి, ఆమె మొండితనం మానుకుని కూర్చుంది. ఆ వయసులో, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, తను పొత్తిగుడ్డలు మార్చిన తమ్ముడి ముందు చేతులు కట్టుకుంది. "సారీ టు కీప్ యు వెయిటింగ్, మేడమ్" అన్న ముక్క పట్టుబడడానికి చాలా తంటాలు పడింది. పడి, పట్టేసింది. ప్లీజ్ హావ్ ఎ సీట్ వచ్చింది. మే ఐ టేక్ యువర్ మెజర్‌మెంట్స్ వచ్చింది. గిన్నెలు తోముతూ, టేపు చుట్టుకుంటూ గొణుక్కునేది. తమ్ముడి కూతురు కస్టమర్‌లా నటించి, "థాంక్యూ" అంటే "యు ఆర్ వెల్‌కమ్, మేడమ్" అని టకీమని అనేసి, మేనత్తా మేనకోడలూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు.

"కాస్త సీరియస్‌గా ఉండు అక్కా. ప్లీజ్" అనేవాడు ప్లీజుగారు.

"ఆ కుర్చీ పోతే నాకేం మిగుల్తుందో నాకు తెలీదంట్రా?" అంది ఆమె. "నవ్వితే మర్చిపోను. భయపడితే మర్చిపోతాను."

పరీక్ష రోజు రానే వచ్చింది. ట్రయల్ రూముల ముందు ఖాళీ చేసి, ఒక బల్ల వేశారు. చిన్న సారు పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. షాపు తెరవడానికి ఇంకా వేళుంది కాబట్టి అమ్మకాల పిల్లలు, బిల్లింగ్ ఆవిడ, వాచ్‌మన్ అందరూ చుట్టూ మూగారు. కస్టమర్‌గా ఎవరో ఒకరు నటించాలి.

"కొత్త అమ్మాయిల్లో ఎవరినైనా నిలబెట్టండి" అన్నాడు చిన్న సారు.

"నో సార్. నేనే చేస్తాను సార్. అప్పుడే పర్‌ఫెక్ట్‌గా ఉంటుంది" అన్నాడు ప్లీజుగారు. నలుగురి ముందు నటించే అవకాశం ఊరికే వదులుకునే మనిషి కాదు. ఆ ఒక్క ముక్కతో అక్క కుర్చీ కాళ్ళు విరగ్గొట్టాడు. అప్పటికి ఆ సంగతి ఆయనకీ తెలియదు, ఆమెకీ తెలియదు.

మొదట గుండీలు కుట్టే ముసలాయన వచ్చాడు. థాంక్యూ అంటే "నో మెన్షన్" అన్నాడు. ప్లీజుగారు కళ్ళు మూసుకుని బాధపడి, సరిదిద్ది, పాస్ చేశాడు. రెండోవాడు ప్యాంట్లు కుట్టే కుర్రవాడు. సారీ చెప్పాల్సిన చోట థాంక్యూ, థాంక్యూ చెప్పాల్సిన చోట సారీ చెప్పాడు. చిన్న సారు నవ్వాడు. ప్లీజుగారు వాణ్ణీ పాస్ చేశాడు.

తర్వాత అక్క. మెడలో టేపు, చేతిలో పిన్నుల డబ్బా. ప్లీజుగారు కస్టమర్ నడకతో వచ్చాడు. ఆమె కుర్చీ చూపించి, "ప్లీజ్ హావ్ ఎ సీట్, సార్" అంది. చుట్టూ పిల్లల మొహాలు వెలిగాయి. "సారీ టు కీప్ యు వెయిటింగ్, సార్" అంది. చిన్న సారు ఫోన్ పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టాడు. కోటు చేతులు కొంచెం పొడవున్నాయని ప్లీజుగారు నటించాడు. ఆమె టేపు తీసి, మే ఐ అని అడిగి, కొలిచి, చెయ్యి మడిచి పిన్నులు పెట్టింది. పెడుతూ పెడుతూ చూపు చంక కింద పడింది. లైనింగ్ మళ్ళీ చిరిగి వేలాడుతోంది. ఆమె చెయ్యి ఆమెని అడక్కుండానే లోపలికి పోయి, ఆ చిరుగు బయటికి కనపడకుండా రెండు పిన్నులు గుచ్చింది.

ప్లీజుగారు కళ్ళలోకి చూసి, కొంచెం నవ్వి, "థాంక్యూ సో మచ్" అన్నాడు.

ఎదురుగా తమ్ముడు. చేతిలో తమ్ముడి కోటు. ఆ కోటుకి ఆ థాంక్యూ వింటే ఇన్నేళ్ళుగా ఆ నోటికి ఒక్కటే జవాబు.

"నాకెందుకురా థాంక్యూలు?" అంది అక్క. "పరాయిదాన్నా?"

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దానితో అందరూ నవ్వేశారు. చిన్న సారు కూడా హాయిగా నవ్వాడు. అక్క నోరు కరుచుకుని, "యు ఆర్ వెల్‌కమ్, సార్, యు ఆర్ వెల్‌కమ్" అంది కానీ ఆ నవ్వుల్లో అది ఎవరికీ వినపడలేదు.

నవ్వనివాడు ఒక్కడే. కోటు వేసుకున్నాక షాపులో తనని ఎవరూ ఒరేయ్ అనలేదు. ఇప్పుడా మాట షాపంతా వింటుండగా, యజమాని ముందు పడింది. మొహం కందగడ్డ అయింది.

"మిమ్మల్ని ఒరే అంటున్నారే" అన్నాడు చిన్న సారు నవ్వు ఆపుకుంటూ. అందులో కోపం లేదు, ఉత్త కుతూహలమే. "ఆవిడ మీకేమవుతారు?"

చెప్పడానికి రెండక్షరాల మాట. చెప్పేస్తే చిన్న సారు ఇంకోసారి నవ్వి, బాగుంది, ఉండనివ్వండి అనేవాడు. ఎదురుగా ఉన్న మొహంలోనే అది కనిపిస్తోంది. వాచ్‌మన్‌కి కూడా కనిపించింది.

"ఏమీ కారు సార్" అన్నాడు ప్లీజుగారు. "పాత స్టాఫ్ సార్. అందర్నీ అలాగే అంటారు. ఐ అపాలజైజ్ సార్."

పెద్ద తప్పుకి వాడాల్సిన మాటని సరిగ్గా పెద్ద తప్పు చేస్తూ వాడాడు. ఎవరికి చెప్పాలో వాళ్ళకి మాత్రం చెప్పలేదు. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. బిల్లింగ్ ఆవిడ నేల చూపులు చూసింది. వాచ్‌మన్ గేటు దగ్గర పనున్నట్టు వెళ్ళిపోయాడు. అక్క పిన్నుల డబ్బా మూత పెట్టింది. అది సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి పెట్టింది.

"సరే, మీ ఇష్టం. మేనేజరు మీరు. ఉంచమంటే ఉంచుదాం" అని చిన్న సారు లేచాడు.

ఇంత జరిగాక కూడా ఆమెని నిలబెట్టే అవకాశం చేతికొచ్చింది. కానీ ఏమీ కాని మనిషిని ఎందుకు ఉంచావని రేపెవరైనా అడిగితే? అక్కేనని ఆ నోటా ఈ నోటా బయటపడితే? ఒక అబద్ధాన్ని కాపాడుకోవాలంటే ఆమె ఆ షాపులో ఉండకూడదు. ఆయన ఈ లెక్క వేసుకోవడానికి గుటక మింగినంత సేపు కూడా పట్టలేదు.

"ఫ్రంట్‌లో కష్టం సార్" అన్నాడు.

ఆ సాయంత్రం ప్లీజుగారు వీధులన్నీ తిరిగి ఆలస్యంగా ఇల్లు చేరాడు. తిట్లకి సిద్ధపడే వచ్చాడు. ఒకరకంగా వాటికోసమే వచ్చాడు. చిన్నప్పటినుంచీ అంతే, ఏ వెధవ పని చేసొచ్చినా అక్క నోరారా తిట్టేది, తిట్టాక అన్నం పెట్టేది, అక్కడితో అది మాసిపోయేది. ఈసారీ అలాగే గంటసేపు చెవులు మూసుకుంటే సరిపోతుందనుకున్నాడు.

అక్క తలుపు తీసింది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది.

"మీకు కాఫీ పెట్టమంటారా?"

మీకు, పెట్టమంటారా. ఇంట్లో ఒరేయ్ తప్ప ఇంకోటి ఎరగని నోరది. ప్లీజుగారు కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది.

భార్యకి అప్పటికే బిల్లింగ్ ఆవిడ ఫోన్ చేసి అంతా చెప్పేసింది.

"ఏమీ కారన్నారట."

"అది ప్రొఫెషనల్‌గా..."

"మీ కోటు ఎవరు కుట్టారో కూడా ప్రొఫెషనల్‌గా చెప్పలేకపోయారా? వెళ్ళి కాళ్ళు పట్టుకోండి. వదిన కరిగిపోతుంది, ఆవిడ సంగతి నాకు తెలుసు." ఆమె ఆయన కేసి చూసిన చూపులో కోపం కూడా లేదు, ఉత్త అసహ్యమే ఉంది.

ప్లీజుగారు అక్క గది తలుపు ముందు నిలబడ్డాడు. లోపల మిషను టకటకమంటోంది. ఏ మాట వాడాలో ఆలోచించాడు. సారీ అంటే చాలదు. అపాలజైజ్ పొద్దున్నే ఖర్చయిపోయింది. క్షమించు అక్కా అన్న రెండు మాటలు అమ్మ నేర్పిన భాషలో నాలుక మీదే ఉన్నాయి. అవి అంటే తప్పు తనదని ఒప్పుకోవాలి. కళ్ళలో నీళ్ళు తిరిగినా తిరుగుతాయి. తలుపు తోసి, గొంతు సవరించుకుని, "అక్కా, ఇవాళ జరిగినదానికి ఐ రియల్లీ రిగ్రెట్" అన్నాడు.

లిఫ్టు తలుపుకి అంటించే మాట అది. ఆమె మిషను ఆపింది.

"నాకు ఇంగ్లీషు రాదు కదండీ" అంది. "మీరేగా చెప్పారు."

మళ్ళీ మిషను తొక్కింది. ఆయన చెప్పాల్సింది చెప్పేశానని తనకి తానే నచ్చజెప్పుకుని వచ్చి భోజనానికి కూర్చున్నాడు. చూడండి, ఆకలి మాత్రం వేసింది.

తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో మర్యాద ఎక్కువైపోయింది. సన్నటి నడవలో ఎదురుపడితే అక్క గోడకి ఆనుకుని, "ఎక్స్‌క్యూజ్ మీ" అనేది, తగలకముందే. పేపర్ కావాలంటే "ప్లీజ్" అనేది, వెనకాల ఇవ్వండి అని కూడా చేర్చి. ఇవన్నీ అతనితోనే. మరదల్ని అమ్మాయ్ అనే పిలిచింది, మేనకోడలి జడ లాగుతూనే ఉంది. ప్లీజుగారు ఆల్టరేషన్ సంగతి మళ్ళీ ఎత్తబోయాడు ఒకసారి, చిన్న సారుతో మాట్లాడి చూస్తానని. "మీకెందుకండీ శ్రమ" అంది ఆమె. మాట్లాడే ధైర్యం ఆయనకి ఎలాగూ లేదు, ఆ జవాబుతో బతికిపోయాననుకున్నాడు. షాపులో పొద్దున క్లాసు యథాప్రకారం జరిగింది. యు ఆర్ వెల్‌కమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పిల్లలు ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు. చూడమని గద్దించాడు. అప్పుడు చూశారు. తర్వాత ఆయనే ఆ పాఠం దాటేయడం మొదలుపెట్టాడు.

అక్కకి ఊరి అవతలి చివర స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పని దొరికింది. అంతా ఒకే రంగు గుడ్డ, ఒకే కొలత, ఒకటే కుట్టు. ఆమె చేతికి అది పనే కాదు. అయినా మేడమీద ఒక చిన్న గది ఉంది, అందులో ఉండొచ్చు అన్నారు. వెళ్ళే రోజు పొద్దున మరదలు ఏడ్చింది. మేనకోడలు అక్క నడుం పట్టుకుని వదల్లేదు. "ఊళ్ళోనే ఉంటానుగా, సెలవు రోజు రావే, నీకు గౌను కుడతాను" అని బుగ్గ గిల్లింది అక్క. ఒకప్పుడు ఒక సంచీతో ఇంటికొచ్చిన మనిషి, ఇప్పుడు ఒక సంచీ, ఒక మిషనుతో బయల్దేరింది. కింద ఆటో వచ్చి హారన్ కొట్టింది.

ప్లీజుగారు హాల్లో నిలబడి ఉన్నాడు. షాపుకి వేళైంది కానీ కోటు కొక్కేనికి లేదు. అక్క తన గదిలోంచి దాన్ని తెచ్చి ఇచ్చింది. చంకలో చిరుగు కుట్టేసి ఉంది. పాత లైనింగ్ తీసేసి, గట్టి గుడ్డ వేసి, ఇక ఎన్ని క్లాసులు చెప్పినా చిరగకుండా రెండు వరసలు కుట్టింది. సగం చేసిన పని వదిలి వెళ్ళడం ఆమెకి చేతకాదు, అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ మొండి మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ప్లీజుగారు కోటు వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఇన్ని రోజులకి ఆ బుర్రకి ఒక సంగతి తట్టింది. ఆ తిట్టు కావాలి. ఒక్కసారి పరాయిదాన్నా అని ఆమె అడిగితే చాలు, కాదక్కా అనొచ్చు. షాపులో అనలేకపోయిన మాట ఇక్కడ అనేయొచ్చు. అడగకుండా తనంతట తానే ఆ మాట అనేయొచ్చు కదా అన్నది మాత్రం ఆ మనిషికి తోచలేదు. ముందు ఆమె అడగాలి, ముందు ఆమె వంగాలి. జీవితమంతా ముందు వంగింది ఆమేనని గుర్తుకొస్తే కదా.

"థాంక్యూ అక్కా" అన్నాడు. ఎందుకో కూడా చెప్పాలన్నది ఆయన పాఠమే కాబట్టి, "కోటు కుట్టినందుకు" అని చేర్చాడు. చేర్చి, ఎదురుచూశాడు.

అక్క సంచీ భుజానికి తగిలించుకుంది. అతని కళ్ళలోకి చూసింది. కొంచెం నవ్వింది. పళ్ళు కనిపించలేదు.

"యు ఆర్ వెల్‌కమ్, సార్" అంది.

వెల్‌కమ్‌ని సగంలో మింగేయలేదు, చివరిదాకా పలికింది. ఆమె మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా ప్లీజుగారు కోటు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అలవాటు కొద్దీ ఆ మాటలో తప్పు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.